వదులు

దాని పేరు రాద్. ఉరుమని అర్థమంట.
గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు లేస్తాయి.
తోక దెబ్బకు చెప్పుల స్టాండు కూలుతుంది.
మెడకు పట్టీ తగిలించేలోపు
నా మోచేతులు రెండూ నాకేసి పెడుతుంది.

మొదటి రోజు అదే నన్ను నడిపించింది.
మంగాఫ్‌లో మా సందు మలుపు కాడ
చెత్తడబ్బా మీంచి పిల్లి దూకిందని
పదిహేను గజాలు ఈడ్చుకుపోయింది.
మోకాలు చెక్కుకుపాయ. గాజులు రెండు పగిలిపాయ.
పిల్లి మాత్రం గోడెక్కి కూర్చుని
తాపీగా కాలు నాక్కుంటా ఉండింది.

మా నాయన కోడెలకు కాడి నేర్పేవాడు.
ముక్కుతాడు, పలుపు, చెర్నాకోల,
నేను చూసిన బడి అదొక్కటే.
పలుపు గుంజినట్టే గుంజినా.
గుంజేకొద్దీ అదీ గుంజింది.
రాయచోటి తిట్లన్నీ
అర్థమయ్యే దిక్కులేక
ఆ వీధిలో వృథాగా పోయినాయి.

రోడెల్ అని ఒక ఫిలిప్పీను పిల్లోడు,
కుక్కల డాక్టరు కాడ పని.
మామా పిలిపిస్తే ఒక్కసారే వచ్చినాడు.
నా అరబ్బీ అంత, వాని అరబ్బీ ఇంత.
చేతుల్తోనే చెప్పినాడు:
తాడు బిగిస్తే ఆగు, కరెంటు స్తంభం మాదిరి.
తాడు వదులైతే నడువు.
తిరిగి నీ మొహం చూసిందా,
ఉడకబెట్టిన కోడి కార్జం ముక్క.
ఇంతేనా అన్నా.
ఇంతే అని భుజాలెగరేసినాడు.

ఆగినా. గుంజింది. ఆగినా.
మా గేటు కాడి నుంచి పక్కింటి కారు దాకా
ముప్పావుగంట.
కార్లు కడిగే బంగాళీ తాత
బకెట్టు కింద పెట్టి అడిగినాడు,
"నడుస్తున్నారా అమ్మా,
ఇద్దరూ ఎవరికోసమన్నా కాచుకోనున్నారా?"

ఎండాకాలం వచ్చె.
వంచిన చెయ్యి వెనకతట్టు తారుకు ఆనించి
అయిదు లెక్కపెట్టాల.
నా చెయ్యి ఓర్చుకుంటేనే దాని కాళ్ళు ఓర్చుకుంటాయి.
అందుకని బాంగు వేళకే లేపుతా.
జేబులో కార్జం. ఎన్నిసార్లుతికినా
నా గుడ్డలకంతా అదే వాసన.

రెండు నెలలకు, ఒక చీకటిపూట,
నా చేతికీ దాని మెడకూ నడుమ
తడిబట్టలేసిన దండెం లాగా
తాడు కిందికి వంగింది.
పిల్లి గూడా ఉండింది అప్పుడు.
రాద్ పిల్లిని చూసింది. నన్ను చూసింది.
ముక్క ఇయ్యడం నేనే మర్చిపోయినా.

మళ్ళీ శుక్రవారం.
అయిదిళ్ళ అవతల సుంకాలమ్మకు
అకామా రద్దుచేసి పంపిస్తున్నారంట.
చెత్త పారబోసే వేళ దినామూ పది నిమిషాలు,
అట్ల రెండేండ్ల స్నేహం మాది.
వ్యాను నాలుగింటికి అనుకున్నాము.
మూడున్నరకే ఫోను గుర్రుమనింది: వచ్చేసిందే.

టైగర్ బామ్ సీసా కొంగున ముడేసుకుని
ఉరుకుతా ఉరుకుతా ఉంటే
వెనక తాడు బిగిసింది.
రాద్ కూర్చునేసింది.
కరెంటు స్తంభం మాదిరి.
గుంజినా. "లెయ్ నాయనా, ఈ ఒక్కతూరికి" అన్నా.
కోపం లేకుండా నా పక్క చూసింది,
నేను దాన్ని ఎన్నడూ అంత కోపం లేకుండా చూడలే.
సందు చివర వ్యాను ఎర్రలైట్లు వెలిగినాయి.

ఊపిరి ఇడిచినా. చెయ్యి దించినా.
దండెం వంగింది. అది లేచింది.
అయిదిళ్ళూ నడిచే పోయినాము.

సుంకాలమ్మ అట్టపెట్టెకు ఇంకా తాడు చుడతా ఉంది.
డ్రైవరు హారన్ కొడతా ఉన్నాడు.
"ముడి మీద ఏలు పెట్టు మే" అనింది.
పెట్టినా. రెండు కొసలూ పట్టుకుని
పళ్ళు కరిచి లాగింది.
తాడు కిర్రుమని బిగిసింది,
ఆ చప్పుడుకు
రాద్ కూర్చుంది.